ఆవిరి నీరైతే వేడి ఎక్కడికి పోతుంది?

మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు సీసాను టేబుల్ మీద పెడితే నిమిషం తిరక్కుండానే దాని ఒళ్ళంతా మసకబారుతుంది. ఇంకో నిమిషానికి ఆ మసక సన్నటి చుక్కలవుతుంది. చుక్కలు పక్క చుక్కలతో కలిసి బరువెక్కుతాయి. బరువెక్కిన చుక్క ఉన్నట్టుండి కిందికి జారుతుంది, దారిలో ఉన్న చుక్కలన్నిటినీ తనలో కలుపుకుంటుంది, అది జారిన మేర స్టీలు మళ్ళీ తళతళలాడుతుంది. కాసేపట్లో ఆ ఖాళీ గీత కూడా మసకబారుతుంది. పది నిమిషాల తర్వాత సీసా అడుగున గుండ్రటి నీటి మరక తయారవుతుంది. సగం తాగేసిన సీసా అయితే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. చుక్కలు లోపల నీళ్ళున్న మట్టం దాకానే పట్టి ఉంటాయి. పై సగం త్వరగా వెచ్చబడి పొడిగా మిగులుతుంది. మూత తీయకుండానే లోపల ఎన్ని నీళ్ళున్నాయో బయటి చెమ్మను చూసి చెప్పేయవచ్చు.

సీసా కారుతోందని చిన్నపిల్లలు అనుకుంటారు. ఆ నీళ్ళు సీసాలోవి కావనీ, గదిలోని గాలిలోంచి వచ్చాయనీ బడిలో చెబుతారు. బడి పుస్తకాల్లో దీని పేరు సాంద్రీకరణం. ఇళ్ళలో మాత్రం చెమ్మ పట్టింది, చెమర్చింది, చెమట పట్టింది అంటారు. నీళ్ళు ఎక్కడివో తెలిశాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఆవిరి నీరైనప్పుడు కంటికి కనిపించేది నీరు ఒక్కటే. దానితోపాటు చాలా పెద్ద మొత్తంలో వేడి కూడా చేతులు మారుతుంది. ఆ వేడి లెక్క తెలిస్తే ఇడ్లీ ఎందుకు ఉడుకుతుందో, ఏసీ బిల్లు తీరప్రాంతంలో ఎందుకు ఎక్కువొస్తుందో, తుఫానుకు అంత బలం ఎక్కడిదో ఒకే దారంతో కట్టవచ్చు.

ముందు గాలిలో ఎంత నీరుందో చూద్దాం. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి అందులో ఉండగలదు. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో 9 గ్రాములకు కాస్త పైన, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు. అంతకు మించితే ఆవిరిగా ఉండటం కుదరదు, మిగిలింది నీరు కావాల్సిందే. కాబట్టి గాలి తన దగ్గరున్న ఆవిరితోనే ఉండి క్రమంగా చల్లబడుతూ పోతే, ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర అదే నిండుగా ఉన్నట్టవుతుంది. ఆ ఉష్ణోగ్రత పేరు తుషార స్థానం. ఏ వస్తువైనా చుట్టూ ఉన్న గాలి తుషార స్థానం కంటే చల్లగా ఉంటే దాని మీద చెమ్మ పడుతుంది, లేకపోతే పట్టదు. ఇంతకు మించి సూత్రం లేదు.

వార్తల్లో చెప్పే 'గాలిలో తేమ 70 శాతం' అనే అంకె ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం 39 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉందనుకుంటే తుషార స్థానం 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే సమయానికి విశాఖలో 33 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే అది 27 డిగ్రీలకు కొద్దిగా తక్కువ. హైదరాబాద్‌లో ఫ్రిజ్ సీసాకు మాత్రమే పలచగా చెమ్మ పడుతుంది. విశాఖలో ఫ్రిజ్ దాకా పోనక్కర్లేదు, 25 డిగ్రీల నీళ్ళున్న గ్లాసు కూడా చెమరుస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిని తీసుకుంటే, ఆ హైదరాబాద్ గదిలోని గాలిలో సుమారు మూడోవంతు లీటరు నీరు ఆవిరిగా ఉంటుంది. విశాఖ గదిలో 850 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. ఖాళీగా కనిపించే గదిలో దాదాపు ముప్పాతిక లీటరుకు పైగా నీళ్ళు తేలుతున్నాయన్నమాట. విశాఖలో ఉక్కపోతకు చొక్కా ఎందుకు ఆరదో దీంతోనే అర్థమవుతుంది.

తేలుతున్నా అవి కనబడవు. ఇక్కడ భాష కొంచెం తికమక పెడుతుంది. టీ కాచే గిన్నెలోంచి తెల్లగా లేచేదాన్ని ఆవిరి అంటాం. శాస్త్రం లెక్కన ఆవిరికి రంగూ లేదు, రూపూ లేదు. తెల్లగా కనిపించేది అప్పటికే గాలిలో చల్లబడి నీటి తుంపరగా మారిన ఆవిరి. ప్రెషర్ కుక్కర్ కూత వేసేటప్పుడు విజిల్‌కూ తెల్లటి పొగకూ మధ్య కొద్దిపాటి ఖాళీ చోటు కనిపిస్తుంది. అసలైన ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే, అది మహా వేడి. అక్కడ వేలు పెట్టడం ఎంత ప్రమాదమో వంటింట్లో ఒక్కసారి కాలినవాళ్ళకు తెలుసు. ఎందుకంత ప్రమాదమో కింద వస్తుంది.

ఆవిరి నీటిబొట్టు కావాలంటే చల్లదనం ఒక్కటే చాలదు, పట్టుకుని నిలబడటానికి ఒక ఆధారం కావాలి. సీసా విషయంలో ఆ ఆధారం సీసాయే. ఆకాశంలో అలాంటిదేమీ లేదు కదా? అక్కడ ఆ పని చేసేది ధూళి, పొగ, సముద్రపు అలలు చిమ్మిన ఉప్పు రేణువులు. ఫ్రాన్స్‌లో కూలియే 1875లో, స్కాట్లాండ్‌లో జాన్ ఎయిట్కెన్ 1880లో, ఈ ఇద్దరు శాస్త్రవేత్తలూ విడివిడిగా ఈ సంగతి పట్టుకున్నారు. మామూలు గాలి ఉన్న గాజు పాత్రలోకి ఆవిరి పంపితే లోపల దట్టంగా పొగమంచు కమ్మింది. దూదిలో వడకట్టి ధూళి తీసేసిన గాలిలోకి అదే ఆవిరి పంపితే పాత్ర తేటగానే ఉండిపోయింది. బొట్టు ఎంత చిన్నదైతే దాని ఉపరితలం అంత వంపుగా ఉండి, నీటి అణువులు అంత తేలిగ్గా మళ్ళీ గాలిలోకి లేచిపోతాయి. అందుకే శూన్యంలోంచి కొత్త బొట్టు పుట్టడం దాదాపు అసాధ్యం. ఉన్న రేణువు చుట్టూ చేరితే ఆ తొలి గండం తప్పుతుంది. ఒక్కో మేఘ బిందువు వెడల్పు మిల్లీమీటరులో నూరోవంతు, యాభయ్యోవంతు ఉంటుంది. మామూలు వానచినుకు ఒకటి తయారవ్వాలంటే అలాంటివి పది లక్షల దాకా కలవాలి. ప్రతి చినుకు నడుమా ఏదో ఒక ధూళో, ఉప్పో ఉందని తలుచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ దారిలోనే ఇంకో పెద్ద సంగతి బయటపడింది. 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద మబ్బుల అందం చూసి, వాటిని గాజు పాత్రలో తయారు చేయాలనుకున్న శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్, విద్యుదావేశం ఉన్న కణాల చుట్టూ కూడా ఆవిరి బొట్లు కడుతుందని గమనించాడు. 1911 నాటికి ఆయన పాత్రలో అణువు కంటే చిన్న కణాలు పోయిన దారులు సన్నటి మంచు గీతలుగా కనిపించాయి. 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. కంటికి కనబడని కణాల దారులను మనిషి కళ్ళకు కట్టింది ఆవిరి నీరవడమే.

మనకు దగ్గరి ఉదాహరణ భోగి తెల్లవారుజాము. జనవరి నడుమ రాత్రులు చలిగా, ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉంటుంది. పొగమంచుకు కావలసినవన్నీ అప్పటికే ఉన్నాయి. దానికి వీధి వీధినా మంటల పొగ తోడైతే ఆవిరికి లెక్కలేనన్ని ఆధారాలు దొరుకుతాయి. అంతే ఆవిరి ఎక్కువ రేణువులకు పంచబడి బొట్లు సన్నగా, దట్టంగా తయారవుతాయి, చూపు ఇంకా మందగిస్తుంది. ఆ పూట తెల్లవారుజామున కారులో ఊరికి బయల్దేరేవాళ్ళు సూర్యుడు కాస్త పైకొచ్చేదాకా ఆగడం మంచిది.

మంచు విషయంలో మన నుడికారం మనల్ని కొంత పక్కదారి పట్టించింది. 'రాత్రి మంచు పడింది', 'మంచు కురుస్తోంది', 'మంచులో కూర్చోకు, జలుబు చేస్తుంది' అంటాం. వాన పడినట్టే మంచు కూడా పైనుంచి పడుతుందని ఆ మాటల్లో ఉంది. గడ్డి మీద కనిపించే మంచు ఎక్కణ్ణించీ పడదు, అక్కడే పుడుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల మీది ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనబడని కిరణాలుగా పైకి వదిలేస్తుంది. తిరిగి వచ్చేది తక్కువ. సన్నగా ఉండి, నేలకు అంటకుండా నిలబడే గడ్డిపోచ త్వరగా చల్లబడుతుంది, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లగా అయిపోతుంది. తుషార స్థానం దాటిన క్షణం నుంచి దాని మీద బొట్లు కడతాయి.

దీన్ని రుజువు చేసినవాడు లండన్‌లో వైద్యం చేసిన విలియం చార్లెస్ వెల్స్. రాత్రుళ్ళు తోటలో ఉన్ని ఉండలు తూకం వేసి పెట్టి, తెల్లవారి మళ్ళీ తూచి, 1814లో తన పరిశీలనలు ప్రచురించాడు. ఆయన పరీక్షల్లో చక్కనిది ఒకటుంది. పైన తెరిచి ఉన్న మట్టి గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి అందులో ఒక ఉన్ని ఉండ పెట్టాడు, బయట ఆరుబయట ఇంకొకటి పెట్టాడు. మంచు నిలువుగా పైనుంచి పడేదే అయితే రెండూ ఒకేలా తడవాలి. గొట్టంలోది చాలా తక్కువ తడిసింది. గొట్టం గోడలు దానికి ఆకాశాన్ని చాలావరకు మరుగు చేశాయి, అందుకని అది అంతగా చల్లబడలేదు.

ఈ పరీక్ష ఇప్పుడు ఎవరైనా తమ ఇంటి ముందే చేసుకోవచ్చు. డిసెంబర్ రాత్రి ఆరుబయట నిలిపిన బండి సీటు తెల్లవారేసరికి తడిసి ముద్దవుతుంది. పక్కనే చెట్టు కిందో, పోర్టికోలోనో పెట్టిన బండి పొడిగా ఉంటుంది. చెట్టు మంచును ఆపిందనుకుంటాం. నిజానికి చెట్టు ఆపింది సీటులోంచి పోయే వేడిని. కారు టాపు మీద పట్టినంత మంచు తలుపుల మీద పట్టదు, ఎందుకంటే టాపు పూర్తిగా ఆకాశం వైపు తిరిగి ఉంది. మబ్బు పట్టిన రాత్రి మబ్బే దుప్పటిలా వేడిని వెనక్కి పంపుతుంది కాబట్టి మంచు ఉండదు. గాలి వీచే రాత్రి కూడా అంతే, కదిలే గాలి గడ్డిని మరీ చల్లబడనివ్వదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఈ చల్లబడటం ఇంకో మెట్టు దిగుతుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉన్న ఊరది. రాత్రి కొండవాలు మీది గాలి చల్లబడి బరువెక్కి పల్లానికి జారి నిలిచిపోతుంది. గాలిలో పెట్టిన థర్మామీటరు రెండు మూడు డిగ్రీలు చూపిస్తున్నా, గడ్డి సున్నా కంటే కిందికి దిగిపోగలదు. అప్పుడు ఆవిరి నీరు కావడమనే మెట్టును దాటేసి నేరుగా మంచు పలుకులవుతుంది. బండి సీట్ల మీద, గడ్డి మీద తెల్లగా చక్కెర చల్లినట్టు కనిపించేది అదే. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కినవాళ్ళు చూసే పాలసముద్రం కూడా ఇలాంటిదే. రాత్రంతా లోయల్లో నిలిచిన చల్లగాలిలోని తేమ పొగమంచుగా కమ్ముతుంది, పైన కొంచెం వెచ్చటి గాలి మూతలా దాన్ని నొక్కిపెడుతుంది. కొండ మీద నిలబడినవాళ్ళకు అది కాళ్ళ కింద పరుచుకున్న మేఘం, లోయలో ఇల్లున్నవాళ్ళకు గుమ్మం ముందు పొగమంచు. రెండు పేర్లూ ఒకే వస్తువువి. ఎండ నేలను తాకి లోయ వెచ్చబడగానే అది కరిగిపోతుంది.

పొలాల్లో మంచుకు రెండు ముఖాలున్నాయి. ప్రకాశం, నంద్యాల, కర్నూలు వైపు నల్లరేగడి నేలల్లో వేసే శనగకు పెద్దగా తడులివ్వరు. మంచుకే పండుతుందని రైతులు అంటారు. మంచు ఒక్కటే పంటను పండించేంత నీరివ్వదు. ఒక తేటైన రాత్రి చదరపు మీటరు మేర కట్టే మంచు ఎంత బాగా కట్టినా లీటరుకు లోపే, మామూలుగా అందులోనూ కొంతే. రేగడి నేల దాచుకున్న తేమే పంటకు పెద్ద దిక్కు. అయినా పొద్దున్నే ఆకు తడిగా ఉన్నంతసేపు మొక్కలోంచి నీరు ఆవిరై పోదు, ఆ ఆదా తేమ కరువైన చోట విలువైనదే. కాబట్టి రైతు మాటలో పస ఉంది. శనగ ఆకుల మీద సన్నటి నూగు ఉంటుంది, అది పుల్లటి ఆమ్లం ఊరుస్తుంది. రాత్రి చేను మీద పలచటి గుడ్డ పరిస్తే మంచుతోపాటు ఆ పులుపు కూడా గుడ్డకు పట్టుకుంటుంది, తెల్లవారి గుడ్డను పిండి ఆ నీళ్ళు పట్టుకునేవారు. ఆయుర్వేదంలో దాని పేరు చణకామ్లం. గాలిలోని తేమను గుడ్డతో కోసుకోవడం ఎంత పాత విద్యో ఈ ఒక్క పనిలో కనిపిస్తుంది.

రెండో ముఖం తెగుళ్ళది. వరిలో అగ్గి తెగులు శిలీంద్రం మొలకెత్తాలంటే ఆకు మీద గంటల తరబడి తడి నిలవాలి. రాత్రి చలి, తెల్లవారినా విడవని మంచు దానికి అచ్చొచ్చిన రోజులు. ఇక్కడ పొరపాటు పడకూడనివి రెండున్నాయి. పొద్దున్నే వరి ఆకు కొసన ఒక్కటే నిండుగా నిలిచిన బొట్టు చాలాసార్లు మంచు కాదు, వేరు తోడిన నీటిని మొక్కే ఆకు కొస నుంచి బయటికి పంపింది. మంచయితే ఆకు పొడవునా సన్నగా పరుచుకుంటుంది. మామిడి పూతను పీల్చే తేనెమంచు పురుగు పేరులో మంచు ఉన్నా ఆకు మీది ఆ జిగట పురుగు విసర్జించిన తీపి నీరే, గాలిలోంచి వచ్చింది కాదు.

ఇక మొదట అనుకున్న వేడి దగ్గరికి వద్దాం. పొయ్యి మీద నీళ్ళు మరిగి ఆవిరవ్వాలంటే చాలా వేడి పోయాలి. నూరు డిగ్రీల నీళ్ళు ఒక గ్రాము, నూరు డిగ్రీల ఆవిరి కావడానికి 540 కేలరీలు కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోలేదు, ఆవిరిలోనే దాగి ఉంది. దాన్ని గుప్తోష్ణం అంటారు, పేరు సరిగ్గా సరిపోయింది. ఆవిరి మళ్ళీ నీరైన చోట ఆ 540 కేలరీలూ అక్కడ వదిలేస్తుంది.

ఇడ్లీ ఉడికేది ఈ వేడితోనే. ఇడ్లీ పాత్రలో కింద నీళ్ళు మరుగుతుంటాయి, పైన రేకుల్లో పిండి చల్లగా ఉంటుంది. ఆవిరి పైకొచ్చి చల్లటి పిండినీ, రేకునూ తాకగానే నీరై పోయి తన వేడి అక్కడ ధారపోస్తుంది. ఒక ఇడ్లీకి 50 గ్రాముల పిండి అనుకుంటే, దాన్ని 30 డిగ్రీల నుంచి నూరు దాకా తేవడానికి ఆరు గ్రాముల చుట్టూ ఆవిరి నీరైతే చాలు. ఇందులో గొప్ప సంగతి ఒకటుంది. ఆవిరి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే ఎక్కువగా నీరవుతుంది, వేడెక్కిన చోట తక్కువ. కాబట్టి వెనకబడిన ఇడ్లీకి దానంతటదే ఎక్కువ వేడి అందుతుంది. ఎవరూ కలపకుండా, తిప్పకుండా పై రేకూ కింది రేకూ దాదాపు ఒకేసారి ఉడుకుతాయి. పిండి నూరు డిగ్రీలకు చేరాక దాని మీద ఆవిరి నీరు కావడం ఆగిపోతుంది. అందుకే అడుగున నీళ్ళున్నంతసేపు ఇడ్లీ మాడదు. ఆవిరి కుడుము, ఉండ్రాళ్ళు, కోనసీమలో పనసాకు బుట్టల్లో పోసే పొట్టిక్కలు అన్నిటిదీ ఇదే పొయ్యి.

మూత దగ్గర మాత్రం చిక్కొస్తుంది. మూత పై వైపు గదిలోని గాలికి చల్లబడుతూ ఉంటుంది కాబట్టి లోపలి వైపు నిత్యం నీరు కడుతుంది. బోర్లించిన గిన్నెలా వంపు ఉన్న మూత అయితే ఆ నీరు అంచుకు జారిపోతుంది. చదునుగా ఉంటే నడుమ ఇడ్లీల మీదే టపటపా పడి అవి చిత్తడవుతాయి. మూతకు లోపలి వైపు పలచటి బట్ట కట్టడం మంచి ఉపాయం. మూత తీసేటప్పుడు ముందు అవతలి అంచును లేపాలి, ముఖం వైపు అంచును కాదు. మరిగే నీళ్ళు ఒక గ్రాము చర్మం మీద పడి శరీరం వేడికి చల్లారితే ఇచ్చేది 60 కేలరీల చిల్లర. అదే ఒక గ్రాము ఆవిరి తగిలితే ముందు నీరవుతూ 540, ఆ తర్వాత చల్లారుతూ ఇంకో 60. దాదాపు పది రెట్లు. రెండూ నూరు డిగ్రీలే, థర్మామీటరు తేడా చూపదు, చెయ్యి చూపిస్తుంది.

ఇప్పుడు సీసా దగ్గరికి వెనక్కి వెళ్తే, దాని మీది చెమ్మ అందంగా కనిపించినా సీసాకు చేటే చేస్తోంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి నీరైతే గ్రాముకు 580 కేలరీల పైచిలుకు వదులుతుంది. పావు లీటరు చల్లటి నీళ్ళున్న గ్లాసు మీద ఒక గ్రాము చెమ్మ కట్టిందంటే, ఆ వేడంతా లోపలికి పోతే నీళ్ళు రెండు డిగ్రీలకు పైగా వెచ్చబడతాయి. అయిదు గ్రాములు కడితే పది డిగ్రీల పైమాటే. విశాఖలో చల్లటి నీళ్ళు హైదరాబాద్ ఎండలో కంటే త్వరగా చల్లదనం పోగొట్టుకున్నట్టు అనిపిస్తే ఇదొక పెద్ద కారణం. తుడవడం వల్ల లాభం లేదు, మళ్ళీ కొత్త చెమ్మ కడుతుంది. సీసాకు మందపాటి గుడ్డ తొడుగు వేస్తే బయటి వైపు అంత చల్లగా ఉండదు, చెమ్మా తగ్గుతుంది.

ఏసీ చేసే పనిలో సగం కథ ఇదే. గదిలోని గాలిని చల్లటి కాయిల్ మీదుగా తిప్పుతుంటే తేమ అక్కడ నీరై, గొట్టం గుండా బయట పడుతుంది. తీరప్రాంతంలో ఒక రాత్రికి బకెట్ నిండటం మామూలే. గంటకు ఒకటిన్నర లీటరు నీళ్ళు కారుతున్నాయంటే ఒకటిన్నర టన్ను ఏసీ తన బలంలో సుమారు అయిదోవంతు గదిని చల్లబరచడానికి కాకుండా ఆ ఆవిరి వదిలిన వేడిని బయటికి మోయడానికే ఖర్చు పెడుతోంది. కిటికీ సందుల్లోంచి తడిగాలి వస్తున్నంతసేపు ఈ ఖర్చు ఆగదు, ఏసీ గదిలో తడిబట్టలు ఆరేయడమూ అంతే. ఆ బకెట్ నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి ఇల్లు తుడవడానికి, కూలర్‌లో పోయడానికి బాగుంటాయి. కాయిల్ మీది దుమ్ము, లోహం కలుస్తాయి కాబట్టి తాగడానికి పనికిరావు.

ఇంట్లో మిగతావి చకచకా చెప్పేయవచ్చు. ఏసీ బస్సు దిగగానే కళ్ళద్దాలు మసకబారడం, స్నానాల గదిలో అద్దం మూసుకుపోవడం ఒకే సంగతి, అద్దం వెచ్చబడితే పోతుంది. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీసేటప్పుడు సంచిలోనే కాసేపు ఉంచితే లెన్స్ మీద చెమ్మ పట్టదు. వానలో కారు అద్దం లోపలి వైపు మసకబారితే లోపలి గాలి ఊపిరితో తడెక్కిందని అర్థం. ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పాలి, బయటి గాలిని రానివ్వాలి. ఏసీ మరీ ఎక్కువై అద్దం బయటి వైపు మసకబారితే మందు వేరు, వైపర్ వేసి చల్లదనం తగ్గించాలి. రెండిట్లో ఏదో తెలియకపోతే వేలితో అద్దం మీద గీస్తే చాలు. వేడి కూర పెట్టి బిగించిన స్టీలు డబ్బా చల్లారాక మూత ఎంత లాగినా రాదు. లోపలి ఆవిరి నీరైపోయింది. నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది, తిరిగి నీరైతే అంత చోటూ ఖాళీ అవుతుంది, బయటి గాలి మూతను లోపలికి అదిమిపెడుతుంది. డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచితే ఊడొస్తుంది. ఇంగ్లండ్‌లో 1712లో న్యూకొమెన్ గనుల్లో నీళ్ళు తోడటానికి కట్టిన యంత్రం నడిచింది ఈ ఖాళీతోనే. సిలిండర్‌లో ఆవిరి నింపి చన్నీళ్ళు చల్లితే గాలి బరువు ముషలకాన్ని, అంటే పిస్టన్‌ను, కిందికి తోసేది. ప్రతిసారీ సిలిండర్ మొత్తం చల్లబడి బోలెడు బొగ్గు దండగయ్యేది. ఆవిరిని వేరే గదిలో నీరు చేయాలన్న జేమ్స్ వాట్ ఆలోచనకు 1769లో పేటెంట్ వచ్చింది. నేటి థర్మల్ కేంద్రాల్లో టర్బైన్ తర్వాత ఉండే కండెన్సర్ ఆ గదికి మనవరాలు. పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది పొగ కాదు, ఆ వేడిని మోసుకెళ్ళిన నీరు ఆవిరై, పైన మళ్ళీ బిందువులైన మేఘం.

ఆకాశంలో ఈ వేడి లెక్క మనిషి ఊహకు అందనంత పెద్దది. నేల మీది వెచ్చటి గాలి పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాపిస్తుంది, వ్యాపిస్తూ కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. నేల దగ్గర 32 డిగ్రీలు, తుషార స్థానం 24 అయితే సుమారు ఒక కిలోమీటరు ఎత్తున మేఘం మొదలవుతుంది. మధ్యాహ్నపు మబ్బుల అడుగు అన్నిటికీ ఒకే మట్టంలో కత్తితో కోసినట్టు ఉండేది అందుకే. అక్కణ్ణించి పైకి ఆవిరి నీరవుతూ వేడి వదులుతుంది, గాలి చల్లబడటం కిలోమీటరుకు అయిదారు డిగ్రీలకు తగ్గిపోతుంది, చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉండి ఇంకా పైకి ఎగబాకుతుంది. పడమటి కనుమల్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన చూసే కర్ణాటకలోని ఆగుంబే వైపు ఈ పని జరిగిపోతుంది. కనుమ దాటి దిగే గాలి ఆవిరి పోగొట్టుకుని, వేడిని మాత్రం వెంటబెట్టుకుని, మళ్ళీ కిలోమీటరుకు పది డిగ్రీలు చొప్పున వెచ్చబడుతూ వస్తుంది. 550 మిల్లీమీటర్ల చుట్టూ సగటు వానతో సరిపెట్టుకునే అనంతపురం దుఃఖంలో పెద్ద వాటా ఈ పొడిగాలిదే.

ఒక చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన పడిందంటే పదివేల టన్నుల నీరు. ఆ ఆవిరి నీరైనప్పుడు పైన వదిలిన వేడిని కరెంటు యూనిట్లలో చెబితే సుమారు 68 లక్షల యూనిట్లు. తుఫానులో అలాంటి చదరపు కిలోమీటర్లు వేలకు వేలు, సెంటీమీటర్లు పదులకు పదులు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుఫానుకైనా, 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌కైనా ఇంధనం ఇదే. వెచ్చటి బంగాళాఖాతం మీద ఆవిరైన నీరు మేఘాల్లో నీరై వదిలే వేడి నడుమ గాలిని పైకి లేపుతుంది, ఖాళీ అయిన చోటికి చుట్టూ ఉన్న తడిగాలి దూసుకొస్తుంది, అదీ నీరై ఇంకా వేడి వదులుతుంది. తీరం దాటాక నేల రాపిడికి తోడు ఈ ఆవిరి సరఫరా తెగిపోతుంది కాబట్టే తుఫాను నీరసిస్తుంది.

ఇంత పెద్ద శక్తి పక్కన చిన్నదిగా కనిపించినా, కోతల కాలంలో రైతుకు టెన్షన్ పెట్టేది కళ్ళంలోని పట్టా. తడి పూర్తిగా ఆరని ధాన్యం కుప్ప మీద వానకు భయపడి ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. ఎండ వేడికి గింజలోని తేమ ఆవిరై పట్టా కింద నిండుతుంది. రాత్రి పట్టా ఆకాశానికి తన వేడి వదిలి, లోపలి గాలి కంటే చల్లబడుతుంది. గడ్డిపోచకు జరిగిందే దానికీ జరుగుతుంది, కాకపోతే చెమ్మ లోపలి వైపు కడుతుంది, బొట్లుబొట్లుగా కుప్ప పైపొర మీద రాలుతుంది. వాన పడకుండానే ధాన్యం తడిసి, రంగు మారి, మొలకెత్తుతుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలోంచి మిర్చి బస్తాలను ఉక్కగా ఉన్న రోజున ఒక్కసారిగా బయట పెట్టినా బస్తాలకు ఇలాగే చెమ్మ పడుతుంది. చల్లటి బస్తా తుషార స్థానం దాటి వెచ్చబడేదాకా మూతి విప్పకపోవడమే మేలు.

కళ్ళంలో చేయగలిగింది ఇంత. సాయంత్రం కప్పేటప్పుడు కుప్ప మీద ముందు గడ్డి పరిస్తే రాలే బొట్లను అది పీలుస్తుంది. కుప్ప కొన దగ్గర పట్టాకు కర్రలు ఊతంగా పెట్టి గాలి ఆడనిస్తే తడిగాలి బయటికి పోతుంది. పొద్దున ఎండ తగిలిన వెంటనే పట్టాను ఈడ్చకూడదు, ఈడిస్తే చెమ్మంతా గింజ మీద ఒలుకుతుంది. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని మెల్లగా మడిచి, పక్కకు తీసుకెళ్ళి, తడి వైపు పైకి ఉండేలా ఎండలో పరవాలి. అది పూర్తిగా ఆరాకనే మళ్ళీ కుప్ప మీద కప్పాలి.